ఊరు విడిచినవాడి కన్ను
(ఐర్లండ్ ఛాయాగ్రాహకుడు, రచయిత, దర్శకుడు థాడియస్ ఓసల్లివన్ సినీ జీవితం)

సినిమా చూసి హాలు బయటికొచ్చాక మనం మాట్లాడుకునేది హీరో గురించి, హీరోయిన్ గురించి, పాటల గురించి. మహా అయితే దర్శకుడి పేరు తలుచుకుంటాం. కెమెరా పట్టినవాడి పేరు గుర్తుంచుకునేవాళ్లు పదిమందిలో ఒక్కరుంటే గొప్పే. నిజానికి తెరమీద మన కంట పడేదంతా అంతకుముందు ఆ మనిషి కంట పడినదే. వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎంతవరకు ఉండాలి, మొహం దగ్గరగా చూపాలా, దూరంగా నిలబడి చూడాలా అన్న లెక్కలన్నీ ఆయనవే.

అలాంటి మనిషి ఒకనాడు "కథ కూడా నేనే చెబుతాను" అని ముందుకొస్తే? మన సినిమాల్లో ఇది కొత్తేమీ కాదు. ‘శంకరాభరణం’కి ఛాయాగ్రహణం చేసిన బాలు మహేంద్రే ‘నిరీక్షణ’కు దర్శకుడు. ‘రాత్రి’కి కెమెరా పట్టిన తేజ, 2000లో ‘చిత్రం’తో దర్శకుడయ్యారు. ఐర్లండ్‌లో ఆ దారిన నడిచినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు థాడియస్ ఓసల్లివన్.

ఆయన కథ మన పాఠకులకు ఇంకో కారణం వల్ల కూడా దగ్గరగా అనిపిస్తుంది. స్వదేశం గురించి ఆయన తీసిన మొదటి సినిమాలు స్వదేశంలో స్థిరంగా ఉంటూ తీసినవి కావు. ఊరు విడిచి, పరాయి మహానగరంలో బతుకుతూ తీసినవి. పుట్టిన నేల గురించి నిజం చెప్పగలిగేది అక్కడే ఉండిపోయినవాడా, బయటికి వెళ్లినవాడా? తరాల తరబడి బయట స్థిరపడిన మనకు ఈ ప్రశ్న తెలియనిది కాదు. ఓసల్లివన్ దీనికి ఉపన్యాసంతో జవాబు చెప్పలేదు. దాదాపు యాభై ఏళ్లపాటు సినిమాలతో చెప్పారు.

పరాయి కెమెరాల్లో పచ్చని దేశం

ఐర్లండ్ చిన్న దేశం. 2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండ్ రిపబ్లిక్‌లో ఉన్నది 51 లక్షల మంది. అయితే బతుకుతెరువు కోసం ఆ దేశం విడిచి వెళ్లినవారి సంతతి ప్రపంచమంతా ఉంది. ఒక్క 1950ల దశకంలోనే నాలుగు లక్షల మంది దాకా దేశం విడిచారు. వాళ్లలో ఎక్కువమంది చేరింది పక్కనున్న ఇంగ్లండుకే. రోడ్లు వేయడం, ఇళ్లు కట్టడం, ఆసుపత్రుల్లో నర్సులుగా పనిచేయడం వాళ్ల బతుకుదారులు.

అలాంటి దేశాన్ని సినిమాలు ఎలా చూపించాయి? 1952లో జాన్ ఫోర్డ్ అమెరికా నుంచి వచ్చి ‘ది క్వయెట్ మ్యాన్’ తీశారు. పచ్చని కొండలు, ఎర్రజుట్టు అమ్మాయి, సరదా తాగుబోతులు, నవ్వించే కుస్తీలు. 1970లో డేవిడ్ లీన్ ‘రయాన్స్ డాటర్’ కోసం కెర్రీ జిల్లా సముద్రతీరాన్ని అద్భుతంగా చిత్రించారు. చూడటానికి రెండూ కన్నుల పండుగే. కానీ రెండూ బయటినుంచి వచ్చినవాళ్లు చూసిన ఐర్లండ్. డబ్లిన్ సందుల్లో అద్దె ఇళ్లు, బడిలో బెత్తం దెబ్బలు, లండన్ రైలెక్కే కుర్రాళ్లు ఆ పచ్చదనంలో ఎక్కడా కనపడరు.

తమ కథ తామే చెప్పుకోవాలన్న తపన 1970లలో కొందరు యువకుల్లో మొదలైంది. అప్పట్లో వాళ్లకు స్టూడియోల అండ లేదు, పంపిణీదారులు లేరు. ఉన్నదల్లా తక్కువ ఖర్చుతో పని జరిగే 16 ఎం.ఎం. కెమెరాలు. బాబ్ క్విన్, జో కామర్‌ఫర్డ్, కాథల్ బ్లాక్, పాట్ మర్ఫీ ఈ తరంవాళ్లు. వీళ్లలో కొందరి సినిమాలకు కన్నుగా నిలిచినవాడే ఓసల్లివన్.

లండన్ వీధుల్లో తలుచుకున్న ఊరు

ఓసల్లివన్ 1947లో డబ్లిన్‌లో పుట్టారు. 1960లలో, ఇంకా కుర్రతనం వదలకముందే, తన ఈడువాళ్లు ఎందరో చేసినట్టే ఆయనా లండన్ వెళ్లారు. అక్కడ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో సినిమా చదువు చదివారు. చిత్రలేఖనం, శిల్పం నేర్పే చోట సినిమా నేర్చుకోవడం వల్ల కాబోలు, ఆయన దృశ్యాల్లో కథ కంటే ముందు వెలుగునీడలు పలకరిస్తాయి.

1975లో ఆయన తీసిన ‘ఎ పైంట్ ఆఫ్ ప్లెయిన్’ లండన్‌లోని ఐరిష్ వలస జీవుల గురించి. ఆ పేరుకి ‘ఒక గ్లాసు నల్లబీరు’ అని అర్థం. పరాయి ఊళ్లో సాయంత్రంపూట తమవాళ్లు కూడే చోటు గుర్తొచ్చే పేరు అది.

1978లో వచ్చింది ‘ఆన్ ఎ పేవింగ్ స్టోన్ మౌంటెడ్’. బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ ఆర్థిక సహాయంతో తీసిన నలుపు తెలుపు చిత్రం. రచన, దర్శకత్వం ఆయనవే. ఐర్లండ్ నుంచి లండన్ చేరినవాళ్ల బతుకు, వాళ్ల జ్ఞాపకాల్లో మిగిలిన ఊరు ఈ చిత్రానికి వస్తువు. ఇందులో మామూలు కథాక్రమం ఉండదు. కొంత నటులు నటించింది, కొంత ఉన్నదున్నట్టు చిత్రించింది. ఇప్పటి లండన్ వీధి కాసేపు, ఎప్పటిదో ఊరి జాతర కాసేపు ముందువెనకలుగా వస్తుంటాయి. తర్వాతి కాలంలో పెద్ద పేరు తెచ్చుకున్న స్టీఫెన్ రే, గేబ్రియల్ బర్న్ ఇందులో కనిపిస్తారు. గాయకుడు క్రిస్టీ మూర్ కూడా ఉన్నారు.

వలస వెళ్లినవాడి మనసులో ఊరు అలాగే ఉంటుంది కదా. వరుసగా ఉండదు, ముక్కలుముక్కలుగా ఉంటుంది. ఒక గొంతు, ఒక గుమ్మం, ఒక తిరునాళ్ల సందడి. ఊరు ఈలోగా మారిపోయి ఉంటుంది, జ్ఞాపకంలోని ఊరు మాత్రం మారదు. అందువల్లనే జ్ఞాపకాన్ని పూర్తిగా నమ్మకూడదు, కొట్టిపారేయనూ కూడదు. ఈ సంగతిని ఓసల్లివన్ ముప్పయ్యేళ్ల వయసులోనే గ్రహించారు.

ఇతరుల కథలకు వెలుగు

ఆ తర్వాతి పదేళ్లు ఆయన ముఖ్యంగా కెమెరామన్‌గా పనిచేశారు. ఐర్లండ్ కొత్త సినిమాకి పునాదిరాళ్లు అనదగ్గ చిత్రాల్లో నాలుగింటికి ఛాయాగ్రహణం ఆయనదే.

1981లో కాథల్ బ్లాక్ తీసిన ‘అవర్ బాయ్స్’ క్రైస్తవ సోదరులు నడిపిన బడుల్లో పిల్లలు పడిన బాధల గురించి. ఐర్లండ్ జాతీయ టెలివిజన్ సంస్థ ఆర్.టి.ఇ. దీనికి కొంత డబ్బు పెట్టింది గాని, దాదాపు పదేళ్లపాటు ప్రసారం చేయలేదు. ఆ విషయం బహిరంగంగా మాట్లాడే ధైర్యం సమాజానికి ఇంకా రాలేదు. అదే సంవత్సరం జో కామర్‌ఫర్డ్ ‘ట్రావెలర్’ వచ్చింది. ఊరూరా తిరిగే ట్రావెలర్స్ అనే సంచార సమూహానికి చెందిన కొత్త దంపతులు దొంగసరుకు తేవడానికి ఉత్తర ఐర్లండ్ సరిహద్దు దాటే కథ. రాసింది తర్వాత పెద్ద దర్శకుడైన నీల్ జోర్డన్. 1984లో వచ్చిన కాథల్ బ్లాక్ చిత్రం ‘పిగ్స్’ డబ్లిన్‌లో పాడుబడ్డ ఒక పాత భవంతిలో తలదాచుకున్నవాళ్ల గురించి.

ఈ వరుసలో శిఖరం 1984 నాటి ‘యాన్ డెవ్లిన్’. దర్శకురాలు పాట్ మర్ఫీ. 1803లో బ్రిటిష్ పాలన మీద రాబర్ట్ ఎమెట్ తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. ఆయన రహస్యంగా ఉన్న ఇంట్లో పనిమనిషిలా మెలిగినది యాన్ డెవ్లిన్. నిజానికి ఆమె కూడా ఆ ఉద్యమంలో మనిషే. సైనికులు ఆమెకు ఉరితాడు బిగించి, చచ్చిపోకుండా దింపి ప్రశ్నించారు. 500 పౌన్లు ఇస్తామని ఆశ పెట్టారు. కుటుంబాన్నంతా జైల్లో వేశారు. ఆ బాధల్లో చిన్న తమ్ముడు చనిపోయాడు. అయినా ఆమె ఒక్క పేరు కూడా చెప్పలేదు. ఎమెట్ జాతివీరుడయ్యాడు. ఆమె 1851లో డబ్లిన్‌లో పేదరికంలో కన్నుమూసింది.

మాట్లాడనని పట్టుబట్టిన మనిషిని సినిమాలో చూపించడం ఎలా? డైలాగులతో కుదరదు. ఇక్కడే కెమెరామన్ అవసరం వచ్చింది. కెమెరా తొందరపడకుండా, దూరంగా నిలబడి చూస్తుంది. జైలుగది కిటికీలోంచి వచ్చే పలచని వెలుగు, గోడ, కూర్చున్న స్త్రీ. పాత డచ్చి చిత్రకారుల బొమ్మలు గుర్తొస్తాయి. ఆమె మౌనం ఓటమి కాదని, ఆమె చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధమని మనకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది. యాన్ పాత్రలో బ్రీద్ బ్రెన్నన్ నటన కూడా అంత నిబ్బరంగానూ ఉంటుంది.

1987లో బ్రూస్ చాట్విన్ నవల ఆధారంగా ఆండ్రూ గ్రీవ్ తీసిన ‘ఆన్ ది బ్లాక్ హిల్’కి కూడా ఆయనే ఛాయాగ్రాహకుడు. వేల్స్ సరిహద్దు కొండల్లో ఒకే పొలాన్ని అంటిపెట్టుకుని జీవితమంతా గడిపిన కవల సోదరుల కథ అది. ఊరు విడిచిన మనిషి, ఊరు అసలు విడవనివాళ్లను అంత ఆప్యాయంగా చిత్రించడం విశేషం.

కెమెరా ఇంకొకరి చేతికి

మధ్యలో 1985లో ఆయన దర్శకత్వంలో ఒక చిన్న చిత్రం వచ్చింది. పేరు ‘ది వుమన్ హూ మ్యారీడ్ క్లార్క్ గేబుల్’. షాన్ ఓ ఫాలాయిన్ కథ. సినిమా చూసొచ్చిన డబ్లిన్ ఇల్లాలికి, మీసం పెంచిన తన భర్త అచ్చం హాలీవుడ్ నటుడు క్లార్క్ గేబుల్‌లా కనపడటం మొదలవుతుంది. బాబ్ హాస్కిన్స్, బ్రెండా ఫ్రికర్ దంపతులుగా నటించారు. నవ్వొస్తుంది, వెంటనే జాలీ వేస్తుంది.

ఆ అనుభవంతో 1990లో ఆయన తీసిన పెద్ద చిత్రమే ‘డిసెంబర్ బ్రైడ్’. శామ్ హన్నా బెల్ 1951లో రాసిన నవలకు డేవిడ్ రడ్కిన్ స్క్రీన్‌ప్లే రాశారు. ఉత్తర ఐర్లండ్‌లో స్ట్రాంగ్‌ఫోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉండే ప్రెస్బిటీరియన్ రైతు కుటుంబాల కథ. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటి కాలం. ఈ సమాజం మూలాలు స్కాట్లండ్‌లో ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు రాజ్యం అండతో వచ్చి స్థిరపడిన ప్రొటెస్టెంట్లు వాళ్ల పూర్వీకులు. దక్షిణాదివారికి వాళ్ల పేరు చెబితే గుర్తొచ్చేది ఊరేగింపులు, డప్పులు, రాజకీయం. డబ్లిన్‌లో పుట్టిన ఓసల్లివన్, వాళ్ల వంటింట్లోకి, పొలంలోకి వెళ్లి చూశారు.

సారా అనే యువతి తల్లితోపాటు ఎక్లిన్ కుటుంబంలో పనికి కుదురుతుంది. తుపానులో పడవ తిరగబడినప్పుడు ఇంటి పెద్ద, మిగతావాళ్లు బతకాలని తన పట్టు వదిలేసి నీళ్లలో కలిసిపోతాడు. తర్వాత సారా ఆ ఇంటి అన్నదమ్ములు హామిల్టన్, ఫ్రాంక్ ఇద్దరికీ దగ్గరవుతుంది. బిడ్డ పుడుతుంది. తండ్రెవరో చెప్పమంటారు, చెప్పదు. ఇద్దరిలో ఒకరిని పెళ్లాడమని మతగురువు ఒత్తిడి చేస్తాడు, ఒప్పుకోదు. ఊరంతా వెలివేసినంత పని చేసినా ఆ ఇంట్లోనే, ఆ పొలంలోనే పనిచేసుకుంటూ బతుకుతుంది. ఏళ్లు గడిచాక, కూతురికి పెళ్లి కుదిరినప్పుడు, ఆ పిల్లకు ఒక ఇంటిపేరు ఉండాలని డిసెంబరు నెలలో హామిల్టన్‌తో పెళ్లికి తలవంచుతుంది. పేరులోని ‘డిసెంబరు పెళ్లికూతురు’ ఆమే.

ఇది మన ఇళ్లలో చర్చకు వస్తే ఎన్ని అభిప్రాయాలుంటాయో ఊహించవచ్చు. దర్శకుడు మాత్రం సారాను దేవతను చేయలేదు, దోషినీ చేయలేదు. సాస్కియా రీవ్స్ మొహంలో పట్టుదల కనిపిస్తుంది, దానికి చెల్లించిన మూల్యమూ కనిపిస్తుంది. పేరు చెప్పని యాన్ డెవ్లిన్‌కూ పేరు చెప్పని సారాకూ ఉన్న చుట్టరికం గమనించండి. మొదటిదానిలో ఆయన కెమెరా పట్టారు, రెండోదానిలో కథ నడిపారు. చూసే చూపు ఒక్కటే.

ఇంకో విశేషం. స్వయంగా పేరున్న ఛాయాగ్రాహకుడై ఉండి, ఆయన ఈ చిత్రానికి కెమెరా తాను పట్టలేదు. బెర్త్రాన్ తవర్నియే సినిమాలకు పనిచేసిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు బ్రూనో ద కైజర్‌కు అప్పగించారు. ఎప్పుడు తన పని ఇంకొకరి చేతిలో పెట్టాలో తెలియడమూ పనితనమే. ఫలితంగా తెరమీద ఐర్లండ్ మొదటిసారి పోస్టుకార్డు పచ్చదనం వదిలి, సీసం రంగు నీళ్లతో, గాలికి వంగిన గడ్డితో, దీపం వెలుగులో కరుకు చేతులతో కనిపించింది.

అప్పటి పరిస్థితి కూడా చెప్పాలి. 1981లో ఏర్పడిన ఐరిష్ ఫిలిం బోర్డును ప్రభుత్వం 1987లో ఖర్చు దండగని ఆపేసింది. తర్వాత 2011లో దేశాధ్యక్షుడైన మైకేల్ డి. హిగిన్స్, మంత్రిగా ఉండగా 1993లో దాన్ని తిరిగి నిలబెట్టారు. ‘డిసెంబర్ బ్రైడ్’ ఆ మధ్యకాలంలో, స్వదేశంలో చేయూత లేని రోజుల్లో వచ్చిన చిత్రం.

బెల్ఫాస్ట్ రాత్రులు

1995లో ‘నథింగ్ పర్సనల్’ వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర మొదలైన హింస 1998 శాంతి ఒప్పందం నాటికి మూడున్నర వేల మంది ప్రాణాలు తీసింది. ఆ చిత్రం 1975 నాటి బెల్ఫాస్ట్‌లో, పేరుకు కాల్పుల విరమణ ఉన్న రోజుల్లో జరుగుతుంది. ఈసారీ ఆయన ఎంచుకున్నది అవతలి పక్షాన్నే. ప్రొటెస్టెంటు సాయుధ ముఠాల లోపలి కథ. హింసకు అలవాటుపడ్డ మనిషిగా నటించిన ఇయన్ హార్ట్‌కు ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ సహాయ నటుడి బహుమతి వచ్చింది. శత్రువు అనుకున్నవాడి గుమ్మం ముందు కూడా కాసేపు నిలబడి చూడాలన్నది ఈ దర్శకుడి పద్ధతి. క్షమించమని కాదు, అర్థం చేసుకోమని.

తర్వాత వచ్చినవన్నీ ఒకే స్థాయివి కావు. 2000లో హాలీవుడ్ తార కెవిన్ స్పేసీతో తీసిన ‘ఆర్డినరీ డీసెంట్ క్రిమినల్’, డబ్లిన్ గజదొంగ మార్టిన్ కాహిల్ జీవితం ఛాయల్లో అల్లినది. అదే మనిషి గురించి జాన్ బూర్మన్ 1998లోనే ‘ది జనరల్’ తీసి ఉండటంతో పోలిక తప్పలేదు, విమర్శకులు పెద్దగా మెచ్చలేదు. 2002లో రోసమండ్ లేమన్ నవల ఆధారంగా ‘ది హార్ట్ ఆఫ్ మి’ తీశారు. 2009లో టెలివిజన్ కోసం తీసిన ‘ఇంటు ది స్టార్మ్’లో చర్చిల్ పాత్ర వేసిన ఐరిష్ నటుడు బ్రెండన్ గ్లీసన్‌కు ఎమ్మీ అవార్డు దక్కింది.

పల్లెకొచ్చిన బొమ్మల హాలు

2011లో వచ్చిన ‘స్టెల్లా డేస్’ మన పెద్దవాళ్లకు తమ బాల్యాన్ని గుర్తుచేస్తుంది. 1950లలో టిపరరీ జిల్లాలోని బోరిసోకేన్ అనే చిన్న ఊరు. అప్పుడప్పుడే కరెంటు వస్తోంది. చర్చి నిర్మాణానికి డబ్బు కావాలి. సినిమాలంటే ఇష్టమున్న ఫాదర్ బారీ ఒక సినిమా హాలు పెట్టి ఆ డబ్బు సంపాదిద్దామంటాడు. సినిమా పాపమని కొందరు, బయటి ప్రపంచానికి కిటికీ అని కొందరు. ఆ ఊళ్లో నిజంగానే స్టెల్లా అనే హాలు ఉండేది. దాని చరిత్ర రాసిన మైకేల్ డోర్లీ పుస్తకమే ఈ చిత్రానికి ఆధారం. ఫాదర్ పాత్ర వేసిన అమెరికన్ నటుడు మార్టిన్ షీన్ తల్లి పుట్టింది ఆ బోరిసోకేన్‌లోనే! అమ్మ పుట్టిన ఊరి కథలో నటించడానికి ఆయన సముద్రం దాటి వచ్చారు.

2023 నాటి ‘ది మిరకిల్ క్లబ్’ కథాకాలం 1967. తల్లి చనిపోయిందని తెలిసి నలభై ఏళ్ల తర్వాత క్రిసీ అమెరికా నుంచి డబ్లిన్ శివారులోని తన వాడకు వస్తుంది. ఒకప్పుడు ఆమెను వెళ్లగొట్టినవాళ్లే ఆమెతో కలిసి ఫ్రాన్సులోని లూర్డ్ పుణ్యక్షేత్రానికి బయలుదేరతారు. అద్భుతాలు జరుగుతాయని వెళ్లినవాళ్లకు చివరికి దొరికేది ఒకరినొకరు మన్నించుకునే అవకాశం. లారా లినీ, కేతీ బేట్స్‌తోపాటు 2024లో కన్నుమూసిన మహానటి మేగీ స్మిత్ ఇందులో ఉన్నారు.

ఇందులో కేతీ బేట్స్ భర్తగా వేసిన నటుణ్ణి చూడండి. స్టీఫెన్ రే. 1978లో లండన్ వలస జీవుల చిత్రంలో కనపడిన మనిషే. నలభై అయిదేళ్ల తర్వాత అదే దర్శకుడి సినిమాలో, ఊరు విడిచిన కూతురు తిరిగొచ్చిన కథలో మళ్లీ కనపడ్డారు. మొదటి చిత్రం వెళ్లిపోయినవాళ్లది, ఇది తిరిగొచ్చినవాళ్లది.

ఈ సినిమాలన్నీ వరుసగా పెట్టి చూస్తే మనకు అర్థమయ్యేది ఒకటి. దూరం వెళ్లినవాళ్లు పుట్టిన నేలను సాధారణంగా రెండు రకాలుగా చూస్తారు. ఒకరు దండలు వేసి పటం కడతారు, ఇంకొకరు తిట్టిపోస్తారు. రెండింటిలోనూ ఊరు కనపడదు, చూసేవాడి మనసే కనపడుతుంది. ఓసల్లివన్ మూడో పద్ధతి పట్టుకున్నారు. కాస్త దూరంలో నిలబడి, తొందరపడకుండా, మాట్లాడనివాళ్లను కూడా ఓపిగ్గా చూడటం. కెమెరామన్‌గా నేర్చిన ఈ ఓపికే ఆయన దర్శకత్వానికి పెట్టుబడి అయింది. ఊరి గురించి మన పిల్లలకు చెప్పే కథల్లో ఈ ఓపిక మనకూ పనికొస్తుంది.

ఈ చిత్రాలు చూసే అవకాశం దొరికితే ‘డిసెంబర్ బ్రైడ్’తో మొదలుపెట్టండి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలంటే ‘స్టెల్లా డేస్’, ‘ది మిరకిల్ క్లబ్’ బాగుంటాయి. ‘నథింగ్ పర్సనల్’లో హింస ఎక్కువ, అది పెద్దలకు మాత్రమే. ఏది చూసినా, బొమ్మ అయిపోయాక లేచిపోకుండా ఒక్క నిమిషం ఆగి, కెమెరా పట్టింది ఎవరో ఆ పేరు కూడా చదవండి.